అడిగితేనే చెప్పాలి

పోయిన వారం మనం మిడతను బిస్కెట్ ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలాం. చేతిలో అన్నం డబ్బా, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకలా అయిందో, మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం.

ఫ్యాక్టరీ అమ్మాయిల బేస్‌బాల్ జట్టు ఫైనల్లో బస్ డిపో జట్టు మీద గెలిచింది. గెలిపించిన ఆఖరి పరుగు మిడతది. ఈ ఆటలో పరుగు ఊరికే రాదు. మైదానంలో నాలుగు మూలలా నాలుగు బేస్‌లుంటాయి. వరసగా ఒక్కోదాన్నీ కాలితో తాకుతూ చుట్టూ తిరిగి, బయల్దేరిన మూలకే చేరుకోవాలి. మిడత మొదటిది తాకింది, రెండోది తాకింది, మూడోదాని దగ్గర మాత్రం కాలు బేస్ మీద కాకుండా పక్కన మట్టిలో పడింది. అయినా ఆగకుండా పరుగెత్తింది. అది చూసినవాళ్లు ఇద్దరేనని ఆమె నమ్మకం. ఒకరు తను. రెండోవాడు ఆ బేస్ పక్కనే నిలబడ్డ అంపైర్, తన సొంత మేనమామ. ఆయన నోరు విప్పలేదు. కప్పు ఫ్యాక్టరీకి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో బస్సు చివరి సీట్లో కూర్చుని, మిడత కెప్టెన్ అక్క చెవిలో ఒక మాట వేసింది: "మా మామయ్య చూశాడక్కా. నా మొహం చూసి వదిలేశాడు." ఆ మాట బస్సు దిగింది, ప్యాకింగ్ సెక్షన్‌లోకి వచ్చింది, గేటు దాటింది, వీధుల్లో పడి గుప్పుమంది. అంపైర్ మేనకోడలికి కొమ్ముకాశాడని ఆటల కమిటీ దాకా వెళ్లింది. తేలేదాకా మైదానంలో అడుగు పెట్టొద్దని మామయ్యకు కబురొచ్చింది. రేపే విచారణ. గేటు దగ్గర కెప్టెన్ అక్క ఈ సంగతి చెప్పినప్పుడే మిడత మొహం పాలిపోయింది.

మిగతా పూటకు సెలవు పెట్టి ఆమె తిన్నగా మామయ్య కొట్టుకి బయల్దేరింది. దారంతా ఒక ప్రసంగం తయారు చేసుకుంటూ నడిచింది. మామయ్యను ఓదార్చాలి, ధైర్యం చెప్పాలి, అవసరమైతే కాస్త పెద్దరికం కూడా చెయ్యాలి. పాపం, తన మీద ప్రేమకొద్దీ తప్పు చేశాడు కదా. వీధి మలుపు తిరిగేసరికి మిడతకు తన మంచితనం మీద తనకే ముచ్చటేసింది.

మామయ్యది కళ్లద్దాల కొట్టు. ఊళ్లో సగం మంది ముక్కుల మీద ఉన్నవి ఆయన అమర్చినవే. ఆటలో ఎవరికైనా నిర్ణయం నచ్చకపోతే, "మాకు అద్దాలు పెట్టడం కాదు, ముందు నువ్వు పెట్టుకో" అని గట్టు మీంచి అరవడం ఊరివాళ్లకు అలవాటు. ఆయన ఎప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు. మర్నాడు ఆ అరిచినవాడే ఫ్రేము విరిగిందని కొట్టుకొస్తే, విరిగిన స్క్రూ మార్చి, ఏమీ జరగనట్టు పంపించేవాడు.

ముందు గదిలో గాజు బల్ల వెనక అత్తయ్య ఫ్రేములు తుడుస్తోంది. మిడతను చూసి గొంతు తగ్గించింది.

"లోపలున్నారు. అద్దాలు అరగదీసే చక్రంతో తప్ప మనుషులతో మాట్లాడటం మానేశారు. నువ్వైనా కదిలించు."

తెర తొలగించి మిడత వెనక గదిలోకి వెళ్లింది. ఇరుకు గది. ఒక గోడకు చిన్నవీ పెద్దవీ అక్షరాల బోర్డు, ఇంకో గోడకు అరలు, అరల్లో కాగితపు కవర్లలో అద్దాలు. మూల బల్ల మీద సానరాయి చక్రం తిరుగుతోంది. దాని మీదికి సన్నటి గొట్టంలోంచి నీళ్లు చుక్కలుగా పడుతున్నాయి. మామయ్య ఒక అద్దం అంచును దానికి ఆనించి అరగదీస్తున్నాడు. గదంతా తడి గాజుపొడి వాసన.

"ఏమే, డ్యూటీ లేదా?"

"సెలవు పెట్టాను."

"ఆ స్టూలు కాలు ఊగుతుంది. గోడకు ఆనించి కూర్చో."

మిడత కూర్చుంది. మిడత అన్న పేరు పెట్టింది ఈయనే. చిన్నప్పుడు మెట్లు ఒక్కొక్కటీ దిగడం ఆమెకు చేతయ్యేది కాదు, పై మెట్టు మీంచి కింది మెట్టు మీదికి దూకేది. ఆ కాళ్లను చూసి ఆట నేర్పిందీ ఈయనే. పరుగెత్తడం చెప్తే కళ్లింత చేసుకుని వినేది. నిబంధనలు మొదలుపెడితే మాత్రం ఆవులించేది.

"మామయ్యా," దారిలో కట్టుకున్న ప్రసంగం మూట విప్పింది. "నువ్వేం దిగులు పెట్టుకోకు. నువ్వు చేసింది నా కోసమే కదా. రేపు కమిటీవాళ్ల ముందు, పొరపాటైంది, ఇంకోసారి జరగదు అని ఒక్క మాట అనెయ్. మేనకోడలంటే ఎవరికైనా ప్రేమ ఉంటుంది. వాళ్లూ పిల్లలున్నవాళ్లే, అర్థం చేసుకుంటారు. నేనొచ్చి నీ పక్కన నిలబడతాను."

చక్రం ఆగింది. నీటి చుక్కలు మాత్రం పడుతూనే ఉన్నాయి.

"నేనేం చేశానే?"

"అదే... నేను మూడో బేస్ తాకలేదు. నువ్వు చూశావు కదా."

"చూశాను."

"చూసి చెప్పలేదు."

"చెప్పలేదు."

"మరి?"

"మరేంటి? చెప్పకూడదు."

మిడత నవ్వబోయింది. మామయ్య మొహం చూసి ఆగిపోయింది. ఆయన చేతులు తుడుచుకుని అరలోంచి ఖాళీ కళ్లద్దాల పెట్టెలు తీశాడు. బల్ల మీద నాలుగు మూలలా పెట్టాడు. ఒక స్క్రూ తీసి, బయల్దేరే మూలలోని పెట్టె పక్కన నిలబెట్టాడు.

"ఇది నువ్వు." స్క్రూను జరిపాడు. "ఒకటి తాకావు. రెండు తాకావు. మూడోది దాటేశావు. నేను ఇదిగో, ఇక్కడున్నాను. తాకావా లేదా అని చూడటం నా పని. తాకలేదని అరవడం నా పని కాదు. అది అవతలి జట్టు కనిపెట్టాలి. వాళ్లలో ఒకరు బంతి పట్టుకుని వచ్చి, ఈ బేస్ మీద కాలు పెట్టి, అంపైర్ గారూ, ఆ అమ్మాయి దీన్ని తాకకుండా పోయింది అని నన్ను అడగాలి. అడిగితే అప్పుడు చెయ్యెత్తి అవుట్ అంటాను. నీ పరుగు పోతుంది. అడక్కపోతే, కళ్లారా చూసినా సరే, నోరు మూసుకుని నిలబడాలి. మొహంలో కూడా తెలియనివ్వకూడదు."

"తప్పు చూసి ఊరుకోవడమా? అదేం రూలు?"

"ఆట వాళ్లది కాబట్టి. నేను అరిచాననుకో, వాళ్లు కనిపెట్టాల్సింది నేను కనిపెట్టి చేతిలో పెట్టినట్టు. అది వాళ్ల వైపు ఆడటం. కనుసైగ చేసినా అంతే. చాలామంది ఏళ్ల తరబడి ఆట చూస్తారు గానీ ఈ సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా రాదు." ఆయన స్క్రూను వేళ్ల మధ్య తిప్పాడు. "నీకు చెప్పాను. ఒకసారి కాదు. ఇదే స్టూలు మీద కూర్చుని విన్నావు. విన్నావని అనుకున్నాను."

మిడతకు తల కొట్టేసినట్టయింది. మామయ్యను క్షమించడానికి వచ్చింది తను. పెద్దమనసు చేసుకుని, సెలవు పెట్టుకుని మరీ వచ్చింది. తప్పు చేశాడని తీర్మానించి, క్షమాపణ ఎలా చెప్పుకోవాలో ఆయనకే పాఠం చెప్పింది. చెవులు వేడెక్కిపోయాయి. లేచి వెళ్లిపోదామంటే స్టూలు గోడకు ఆనించి ఉంది, మామయ్య మోకాళ్లు అడ్డంగా ఉన్నాయి.

"అది సగమే," అన్నాడు మామయ్య. "ఇంకో సగం ఉంది."

"ఏంటది?"

"పరుగెత్తేవాళ్లకు దారి మూసుకుపోదు. బేస్ తాకకుండా వచ్చేశామని తెలిస్తే వెనక్కి వెళ్లి తాకొచ్చు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి, అంతే. వెనకాల వచ్చే మనిషి పరుగు పూర్తి చేసేస్తే ఇంక కుదరదు. నీ వెనకాల ఎవరూ లేరు. బంతి ఇంకా కంచె దగ్గర దొర్లుతోంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఆ బేస్ నీది. పరుగు ఆగేది, నిజమే. తర్వాత బ్యాటు పట్టే అమ్మాయి కొట్టేదో కొట్టలేకపోయేదో. గెలిచేవాళ్లో, ఓడేవాళ్లో. అది వేరే సంగతి."

మిడత బల్ల మీది మూడో పెట్టె వంకే చూస్తోంది.

"నువ్వు తల తిప్పావు," అన్నాడాయన. "దాటిన వెంటనే. బేస్ వంక చూశావు. ఆ తర్వాత నా వంక చూశావు. నేను రాయిలా నిలబడ్డాను, నిలబడాలి కాబట్టి. లోపల మాత్రం తిరగవే తల్లీ, తిరుగు అనుకున్నాను. నీకు తెలిసిందా లేదా అని నేనడగను."

అడగక్కర్లేదు. ఆ క్షణంలో పాదానికి తెలిసింది. బేస్ మెత్తగా ఉంటుంది, మట్టి గట్టిగా ఉంటుంది. బూటు కింద గట్టిగా తగిలిన మరుక్షణం ఒళ్లంతా తెలిసింది. ఎదురుగా జట్టంతా చేతులూపుతూ అరుస్తోంది. కెప్టెన్ అక్క నేల మీద మోకాళ్లు వేసి, రా రా అని రెండు చేతులతో పిలుస్తోంది. తిరిగితే ఆ మొహాలన్నీ ఏమైపోతాయి? మామయ్య మొహంలోకి చూసింది. అక్కడ ఏమీ లేదు. ఏమీ లేకపోవడాన్ని అనుమతి అనుకుంది. మేనకోడలికి రహస్యంగా ఇచ్చిన బహుమతి అనుకుని, తీసుకుని పరుగెత్తింది.

"తెలుసు మామయ్యా," అంది.

ఆయన తలాడించాడు. కోప్పడి ఉంటే ఎంత బాగుండేది. అరగదీసిన అద్దాన్ని తీసి, గుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

"సరే, అది నీకూ నీ మనసుకూ మధ్య సంగతి. కమిటీ సంగతి వేరు. మొన్న పిలిచారు. రూలు చెప్పాను. కార్యదర్శి ఏమన్నాడో తెలుసా? రూలు మాకూ తెలుసండీ, మీరు ఊరుకున్నది రూలు కోసమా, రక్తసంబంధం కోసమా అన్నదే మా ప్రశ్న అన్నాడు. మీ మేనకోడలే అందట కదా, మొహం చూసి వదిలేశాడని. ఆ అమ్మాయి నోటి మాట కంటే మాకింకేం కావాలి అన్నాడు."

మిడత స్టూలు మీంచి ముందుకు వంగింది.

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? మా పిల్ల దుడుకుదే గానీ అలాంటి మాట అనదు అన్నాను. నా చేతుల మీద ఆట నేర్చుకుంది, ఫ్యాక్టరీలో దానికి పేరు రావడం ఓర్వలేక ఎవరో పుట్టించి ఉంటారు అన్నాను. రేపు వెంటబెట్టుకొస్తాను, అందరి ముందూ మీరే అడగండి అని చెప్పొచ్చాను. అన్నానని అది ఒప్పుకుంటే, నా అంపైర్ టోపీ మీ బల్ల మీద పెట్టి పోతాను, మళ్లీ జన్మలో మైదానం మొహం చూడను అన్నాను." తల పైకెత్తాడు. "కాబట్టి నువ్వు రేపొచ్చి ఒక్క ముక్క చెప్పు. నేనలా అనలేదండీ అను. అంతే. మిగతాది నేను చూసుకుంటాను."

తెర అవతల అత్తయ్య ఎవరికో ఫ్రేము ధర చెబుతోంది. ఇది మీ మొహానికి నిండుగా ఉంటుందమ్మా అంటోంది. మిడత చెవిన ఆ మాటలే పడుతున్నాయి. అనలేదని చెప్తే సరిపోతుంది. కెప్టెన్ అక్క కాదనదు, మాట బయటపెట్టిందన్న నింద తప్పుతుంది కాబట్టి ఆమెకూ అదే కావాలి. మామయ్య టోపీ నిలబడుతుంది. ఊరు ఇంకో వారంలో ఇంకేదో మాట్లాడుకుంటుంది. ఒక్క అబద్ధం, అదీ మామయ్య కోసం.

బల్ల మీద ఆ పెట్టెలు అలాగే ఉన్నాయి. ఆమె వాటిని చూడలేక చేత్తో ఒక పక్కకు తోసేసింది.

"మామయ్యా, ఆ మాట అన్నది నేనే."

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎవరితో?"

"కెప్టెన్ అక్కతో. బస్సులో."

"తెలియక అన్నావు. రూలు తెలియదు కాబట్టి, వదిలేశాననుకున్నావు. భయపడి అన్నావా? బాధపడుతూ అన్నావా?"

మామయ్య తనకు తప్పించుకునే దారి చూపిస్తున్నాడని మిడతకు అర్థమైంది. భయపడి అన్నానంటే చాలు, ఆయన నమ్మేస్తాడు. నమ్మడానికి సిద్ధంగా కూర్చున్నాడు. ఆ సిద్ధంగా ఉండటమే ఆమెను కోసేసింది.

"గొప్పగా అన్నాను," అంది. "అందరి మామయ్యలూ నీలా ఉండరని... నా కోసం ఏమైనా చేస్తావని... నవ్వుతూ అన్నాను మామయ్యా. డప్పు కొట్టుకున్నాను."

ఆ చివరి మాట అంటుండగా ఏడుపు వచ్చేసింది. సిగ్గుతో వచ్చే ఏడుపుకు గొంతు ఉండదు. ముక్కూ కళ్లూ కారిపోతుంటాయి, అంతే. తుడుచుకోవడానికి మామయ్య గుడ్డ అడగడానికి కూడా మొహం చెల్లలేదు. ఆయన మంచితనాన్ని తను ఊరి నోట్లో వేసింది. తనను అంతగా నమ్మి కమిటీలో గొంతెత్తిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, భూమి చీలితే దూకేద్దామనిపించింది.

మామయ్య తిట్టలేదు. లేచి గొట్టం మర బిగించాడు. నీటి చుక్కలు ఆగిపోయాయి. మళ్లీ కూర్చున్నాడు గానీ మిడత వైపు తిరగలేదు, సానరాయి వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆ రూలుకి గడువు కూడా ఉంటుంది," అన్నాడు. "అది నీకు చెప్పలేదు. కమిటీకీ చెప్పలేదు."

"గడువేంటి?"

"ఆట మధ్యలో అయితే తర్వాతి బంతి వేసేలోపు అడగాలి. ఆఖరి పరుగుతో ఆట అయిపోతే, ఓడిన జట్టు మైదానం దాటిపోయేలోపు అడగాలి. దాటారంటే ఇంక అడగడానికి లేదు. అందుకని వాళ్లు వెళ్లేదాకా అంపైర్ అక్కడే ఉండాలి. ఏమైనా అడిగితే వినడానికి."

మిడత ముక్కు ఎగబీల్చుకుంది. "నువ్వున్నావు కదా."

"నిన్ను మీవాళ్లంతా ఎత్తుకుని గంతులేస్తున్నారు. నీకేం కనిపించి ఉండదు. డిపో పిల్లలు తలలు వంచుకుని సంచులు సర్దుకుంటున్నారు. వాళ్ల క్యాచర్ ఉంది చూడు, ఎంత వేగంగా వచ్చిన బంతైనా ఆపేస్తుందని గోడ అంటారే, ఆ పిల్ల ఒక్కతే సర్దుకోలేదు. బంతి చేతిలో పట్టుకుని మూడో బేస్ వైపు నడిచి వస్తోంది. మెల్లగా, ఆలోచించుకుంటూ. చూసిందో లేక అనుమానమో, అడగొచ్చో అడగకూడదో తెలియక వస్తోందో. నాకు మాత్రం ఎందుకొస్తోందో తెలుసు."

"వచ్చి అడిగిందా?"

"అడిగితే అవుట్ ఇచ్చేవాణ్ణి. ఆ సంగతి నీకు ప్రమాణం చేసి చెప్పగలను. నీ పరుగు తీసేసేవాణ్ణి. అందుకే..." ఆయన మాట మింగాడు. "అందుకే టోపీ సర్దుకుని, వెనక్కి తిరిగి, గేటు వైపు నడిచాను. గబగబా కూడా నడవలేదు. ఎవరైనా చూస్తే, పనైపోయిన మనిషి ఇంటికి పోతున్నాడు అనుకోవాలని మామూలుగానే నడిచాను. వెనకాల అడుగుల చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆగిపోయింది."

మిడతకు తన ఏడుపు ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

"కమిటీలో రూలు, రూలు అని గొంతు చించుకున్నాను. కార్యదర్శి అడిగినదానికి మాత్రం జవాబు చెప్పలేదు. మా పిల్ల అలా అనదని బల్ల గుద్దాను. ఇన్నాళ్లూ గట్టు మీంచి ఎవరేం కూసినా వెనక్కి తిరగని మనిషిని, ఆ పూట తిరగాల్సినప్పుడు తిరగలేదు." ఇప్పుడు మిడత వైపు చూశాడు. ఆ చూపు ఆమె ఇంతకుముందు చూడలేదు. ఎదుటివాళ్ల కళ్లల్లోకి దీపం వేసి చూసే మనిషి, తన కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నాడు. "నువ్వు అబద్ధం చెప్పలేదే. నీ మొహం చూసే వదిలేశాను."

"మామయ్యా, రేపు..."

తెర కదిలింది. అత్తయ్య తల లోపలికి పెట్టింది. ఇద్దరి మొహాలూ చూసి ఒక్క క్షణం తటపటాయించింది.

"ఏవండీ, బయట డిపో అమ్మాయొకతి వచ్చి కూర్చుంది. అద్దాల కోసం కాదట. ఆ రోజు మిమ్మల్ని ఒక మాట అడగాలని మైదానంలో వెనకాలే వచ్చిందట, మీరు వెళ్లిపోతుంటే పిలవలేక ఆగిపోయిందట. రేపు కమిటీ ముందు నోరు విప్పేముందు, ఆ మాటేదో మిమ్మల్నే అడిగి పోదామని వచ్చానంటోంది. లోపలికి రమ్మనమంటారా?"

మామయ్య లేచి నిలబడ్డాడు. గుమ్మం వైపు చూడలేదు. రమ్మనాలో వద్దో మిడత ఏం చెప్తుందోనని ఆమె వంకే చూస్తూ నిలబడ్డాడు.